నిలిచిన చెరువు అన్నం

తెల్లవారింది గాని ఆకాశం తెల్లబడలేదు. సముద్రం వైపు నుంచి రావలసిన గాలి రాలేదు. మబ్బు నీళ్ళు మోసుకుని కిందికి దిగింది, చినుకు మాత్రం వదల్లేదు. రొయ్యల చెరువులున్న ఊరికి ఇంతకంటే చెడ్డ ఆకాశం లేదు. ఎండ పొడ లేకపోతే నీటిలో గాలి తగ్గిపోతుంది. అందుకని ఊరి చుట్టూ ఉన్న ఏరియేటర్లన్నీ ఒక్కసారే తిరుగుతున్నాయి.

గంగరాజు దక్షిణపు చెరువు మీద మాత్రం చప్పుడు లేదు. అక్కడ నిన్న మధ్యాహ్నమే ఆపేశారు.

సత్యశ్రీ మొదటి బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి తల్లి కొండలమ్మ అన్నం వారుస్తోంది. ఇంటి ముగ్గురికి సరిపడే గిన్నె కాదది. తండ్రి దుర్గాప్రసాద్ అరుగు మీద కూర్చుని, రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రే వల విప్పి మళ్ళీ కడుతున్నాడు. ఆ వల ఎక్కడా చిరగలేదు.

"ఏమయ్యా, లేచి నీళ్ళు పోసుకోవా?" అంది కొండలమ్మ లోపలినుంచి.

"నేను రానే."

"రాకపోతే?"

"నువ్వూ అమ్మాయీ వెళ్ళండి. అన్నమేగా."

"అన్నమేగా అంటావేంటి? వండటం నా వంతు. వడ్డించాల్సింది నువ్వు. మన చెరువు నిలిచింది గాబట్టి మనం పెట్టాలి. ఇంకెవరు పెడతారు మా గంగరాజుకి?"

ఆ ఊళ్ళో రొయ్య చచ్చి చెరువు పోయిన ఇంట పొయ్యి వెలిగించరు. చెరువు నిలిచిన ఇంటివాళ్ళు అన్నం వండుకుని వెళ్ళాలి. ఆ ఇంటి మగవాడు తన చేత్తో వడ్డించి, పక్కనే కూర్చుని తినాలి. తింటున్నంతసేపూ ఎవరూ పెదవి విప్పకూడదు. నిలిచిన చేతి చలవ పోయిన చేతికి అంటుతుందని వాళ్ళ నమ్మకం. వేటకెళ్ళిన పడవ ఉత్తచేతులతో తిరిగొచ్చిన కాలం నుంచీ ఉన్న ఆచారమది. పడవలు పోయి చెరువులొచ్చాయి. ఆచారం పోలేదు.

"ఒంట్లో బాలేదు నాకు," అన్నాడు దుర్గాప్రసాద్.

"పొద్దున చద్దన్నం తిన్నప్పుడు బానే ఉందిగా ఒళ్ళు?"

ఆయన వల ముడి పళ్ళతో బిగించాడు.

"వాడు నా తోడబుట్టినోడు. నీ చెరువుని చూసేగా వాడు రొయ్యల మందు మానేసింది. ఇయ్యాల నువ్వే మొహం చాటేస్తే ఊరేమంటది?"

"ఊరికేం పని లేదా?"

"ఊరికి అదే పని."

సత్యశ్రీ సంచి గుమ్మం పక్కన పెట్టింది. అప్పుడు చూసింది తల్లి.

"వచ్చావా? కాళ్ళు కడుక్కో."

"మావయ్య ఎలా ఉన్నాడమ్మా?"

"ఉన్నాడు."

"అత్త?"

"దానికేం, నోరుందిగా. నాల్రోజులు బతికేస్తది."

సత్యశ్రీ విజయవాడలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. ఉండేది గుణదలలో ఒక హాస్టల్లో. పళ్ళరసం దుకాణాలవాళ్ళు పారేసే దానిమ్మ తొక్కలు, బత్తాయి తొక్కలు గోతాల్లో కట్టించుకుని తెచ్చుకునేది. ఎండబెట్టి, పొడి కొట్టించి, కాచి వడగట్టేది. రొయ్యకి తెల్లపేగు జబ్బు తెచ్చే క్రిముల మీద ఆ కషాయం చుక్క వేసి చూసింది. గాజు పళ్ళెం నిండా క్రిములు మీగడలా పేరుకున్నాయి గాని, చుక్క పడిన చోట చుట్టూ ఖాళీ వలయం మిగిలింది. ఆ ఫొటో ఫోనులో పంపితే కొండలమ్మ ఫోను తీసుకెళ్ళి దేవుడి పటం ముందు పెట్టింది.

ఊరు మాత్రం నవ్వింది. తొక్కలమ్మాయి అని పేరు పెట్టింది. ఆమె గోతాలతో బస్సు దిగితే మునిసిపాలిటీ బండి వచ్చిందన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది గంగరాజే. ఆ తరవాత ఊరంతా జబ్బు తిరిగింది. చుట్టుపక్కల చెరువులు పోయాయి, మేనకోడలి కషాయం తిన్న బావ చెరువు నిలిచింది. అందరికంటే ముందు నవ్వు ఆపింది కూడా గంగరాజే. రెండు చెరువులకీ మందులు మానేసి, మేతకి తొక్కల కషాయం పట్టించడం మొదలుపెట్టాడు. టీ కొట్టు దగ్గర ఎవరు దొరికితే వాళ్ళని నిలబెట్టి చెప్పాడు.

నిన్న అతని దక్షిణపు చెరువు పోయింది. ఉత్తరపు చెరువు ఇంకా ఉంది. అందులోకి కూడా ఆ కషాయమే వెళుతోంది.

సత్యశ్రీ వెంట తెచ్చుకున్న ఐసు పెట్టె తీసుకుని తమ చెరువు గట్టెక్కింది. కాసేపటికి వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. రానన్న మనిషి వస్తున్నాడు.

గట్టుకి కుడిపక్క పెద్దచెరువు. ఎడమపక్క చిన్నకుంట. కుంటలో నీళ్ళు లేవు. అడుగున చల్లిన సున్నం మట్టితో కలిసి పెచ్చులు కట్టింది. కొంగ ఒకటి దాంట్లో దిగి, ఏమీ దొరక్క, ఎగరడానికి కూడా బద్ధకించి నిలబడి ఉంది.

సత్యశ్రీ తాడు లాగింది. ట్రే పైకొచ్చింది. రొయ్యలు చిటపటమని ఎగిరాయి. ఒకదాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని మబ్బు వెలుతురుకి ఎత్తింది. ఒంట్లో పేగు నిండుగా, నల్లదారంలా ఉంది.

"ఎంత బాగున్నాయో చూడు నాన్నా."

ఆయన చూడలేదు.

"వీటిలో కొన్ని తీసుకెళ్తా. మావయ్య చెరువులోవి కూడా. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడొచ్చిందో తెలుస్తుంది."

"మనవి వద్దు."

"ఎందుకు?"

"వద్దన్నాగా. చచ్చినవాటిని చూస్కో. బతికినవాటితో నీకేం పని?"

"బతికినవాటితోనే పని. ఇవి ఎందుకు నిలిచాయో తెలిస్తే గదా, అవి ఎందుకు పోయాయో తెలిసేది."

ఆయన తాడు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ట్రే నెమ్మదిగా నీళ్ళలోకి వదిలాడు. నీళ్ళ మీద గుండ్రాలు పోయేదాకా చూస్తూ ఉన్నాడు.

"ఏం చూస్తారే వాటిలో?"

"అన్నీ. పేగులో ఏముంది, కండలో ఏం మిగిలింది..."

"ఎన్నాళ్ళు మిగులుద్ది?"

సత్యశ్రీ ఐసు పెట్టె మూత వేయబోతూ ఆగింది.

"ఏది నాన్నా?"

ఏరియేటర్లు నీళ్ళు కొడుతున్నాయి. ఆయన తాడు కొస మేకుకి చుట్టాడు. చుట్టింది విప్పి మళ్ళీ చుట్టాడు.

"నాన్నా. ఏది ఎన్నాళ్ళు మిగులుద్ది?"

"మందు."

"ఏ మందు?"

"ఏ మందని చెప్పను? షాపువాడు ఇచ్చిందే. క్రిముల మందు. నువ్వు వాడొద్దన్నదే."

"ఎప్పుడేశావ్?"

"కుంటలో రొయ్య తేలిన పొద్దున."

ఆమె ఎండిన కుంట వైపు చూసింది. ఆ కుంటకి ఏమీ వెయ్యొద్దని చెప్పింది తనే. పెద్దచెరువుకి కషాయం, కుంటకి వట్టి మేత. కషాయం తిన్నది నిలిచి, తిననిది పోతే, నిలబెట్టింది కషాయమేనని తేలుతుంది. అలాగే తేలింది. కుంట పోయింది, చెరువు నిలిచింది. ఆ రోజు ఆమె ల్యాబులో అందరికీ స్వీట్లు పంచింది.

"మరి నాతో ఒక్క మాట..."

"చెబితే వెయ్యనిచ్చేదానివా?"

"ఎందుకేశావ్ నాన్నా?"

"ఎందుకేశానా?" ఆయన గొంతు ఒక్కసారి లేచింది. "ఏమీ వెయ్యకుండా ఓ కుంటని చావనిమ్మన్నావ్. పోల్చుకోడానికన్నావ్. ఎక్కడన్నా ఉందటే? ఇద్దరు పిల్లలకి జొరమొస్తే, ఒకడికి మందిచ్చి రెండోవాడు చస్తాడో లేదో చూద్దామని కూచుంటారా ఎవరన్నా? సరే, పెద్ద చదువు చదివింది, దానికి తెలుసులే అని కూచున్నా. కుంటలో రొయ్య కళ్ళముందు తేలింది. నురగలాగా తేలింది. నేను గట్టు మీద నిలబడి చూశా. ఇటు తిరిగితే పెద్దచెరువు. ఇందులో రొయ్య కూడా మేత తగ్గించింది. నేనేం చెయ్యాలి? గాజు పళ్ళెంలో పనిచేసిందన్నావ్. నా చెరువు గాజు పళ్ళెమా?"

"మేత తగ్గించిందని ఫోన్ చెయ్యొచ్చుగా?"

"చేస్తే ఏమనేదానివి?"

ఆమె నీళ్ళ వైపు తిరిగింది.

"ఇంకొన్నాళ్ళు ఆగమనేదానివి. అవునా కాదా?"

"అవును. ఆగితే తెలిసేది."

"ఏం తెలిసేది? పోతే?"

"పోతే పోయేది! పోయిందని తెలిసేది. నా కషాయం పనికిరాదని నాకు తెలిసేది, మావయ్యకి తెలిసేది. ఆయన మందు మానేవాడు కాదు." ఆమె ఐసు పెట్టె మూత గట్టిగా నొక్కింది. "ఇప్పుడు నా తొక్కలు నిలబెట్టాయో, నీ మందు నిలబెట్టిందో ఎవరికీ తెలీదు. నాకే తెలీదు. పనిచేస్తుందేమో. పనిచెయ్యదేమో. నువ్వు నా చేత ఊరందరికీ అబద్ధం చెప్పించావ్ నాన్నా."

"నీ పేరు నిలబడాలనే చేశానే."

"నా పేరు నిలబడింది. మావయ్య చెరువు పోయింది."

దుర్గాప్రసాద్ గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. గడ్డిపోచ పీకి, చూసి, పారేశాడు.

"హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి తెచ్చా," అన్నాడు కిందికే చూస్తూ. "ఇక్కడ కొంటే ఊరందరికీ తెలిసిపోద్దని. బస్సులో ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకు కూచుంటే, పక్క సీటు ఆయన నీ కషాయం సంగతే అడిగాడు. బ్రహ్మాండంగా పనిచేస్తందని చెప్పా."

"ఉత్తరపు చెరువులో ఇంకా రొయ్య ఉంది. మావయ్యకి ఇప్పుడే చెబితే ఈ పూటే వలేసి రొయ్య పట్టించేసుకుంటాడు. రొయ్య చిన్నదైనా ఏదో ఒకటి చేతికొస్తుంది. చెప్పకపోతే సాయంత్రం మేతకి మళ్ళీ ఆ కషాయమే కలుపుతాడు."

"చెబితే నేనేమైపోవాలి? వాడి మొహం ఎట్టా చూడాలి? బావా బావా అని ప్రాణమిస్తాడు."

"అందుకే చెప్పాలి."

"ఇప్పుడు కాదే. నాలుగు రోజులు పోనీ. వాడి మనసు కాస్త..."

"నాలుగు రోజులకి ఆ చెరువూ పోద్ది."

ఈ మాట అన్నది సత్యశ్రీ కాదు. ఇద్దరూ తిరిగి చూశారు. కొండలమ్మ అన్నం గిన్నె చంకనెత్తుకుని గట్టు మొదట్లో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. గిన్నె మీద కట్టిన గుడ్డలోంచి ఆవిరి పోవడం తగ్గింది.

ఆమె అరవలేదు. ఏడవలేదు. పప్పు గిన్నె ఉన్న సంచి కూతురికిచ్చింది.

"అన్నం చల్లారిపోతంది. పదండి."

డ్రెయిన్ కాలవ దాటి గంగరాజు ఇంటికి నడవాలి. ముందు కొండలమ్మ, వెనక దుర్గాప్రసాద్, ఆ వెనక సత్యశ్రీ. తూము దగ్గర కొండలమ్మ ఆగింది. మొగుడి వైపు తిరగకుండానే అంది.

"వాడికి నువ్వే చెప్పు. నా కూతురి చేత చెప్పించమాక."

"చెబుతాలే."

"అన్నానికి కూచోక ముందే చెప్పు. కూచున్నాక మాట్టాడకూడదు."

"చెబుతానన్నాగా."

గంగరాజు ఇల్లు రాకముందే వాసన వచ్చింది. చచ్చిన రొయ్యని గట్టు పక్క గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చారు. అయినా వాసన గాలి లేక ఎక్కడిదక్కడే నిలిచిపోయింది. కాకులు గొయ్యి మీద దిగుతున్నాయి, సున్నం కాళ్ళకి తగిలి లేస్తున్నాయి.

గంగరాజు పందిరి కింద నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నిన్నటి పంచె మీదే ఉన్నాడు. మోకాళ్ళ దాకా ఎండిన బురద ఉంది. అతని భార్య సుధామణి పెద్ద టబ్బులో మేత పోసి, పక్కన కషాయం బాల్చీ పెట్టుకుని ఉంది. వీళ్ళని చూసి లేచి నిలబడింది.

"రా అన్నయ్యా. రా వదినా. రా తల్లీ, నువ్వూ వచ్చావా! చూసిపో. నీ పళ్ళరసం తాగి మా రొయ్యలన్నీ హాయిగా నిద్రపోయాయి. ఐసు పెట్టె కూడా తెచ్చుకున్నావే, జూసు చల్లగా ఉండాలనా?"

"నోరుముయ్యవే," అన్నాడు గంగరాజు.

"నేను మూస్తా. ఊరు మూస్తదా? బావగారి చెరువు బావగారి చెరువు అని టీ కొట్టు దగ్గర మైకు పెట్టినట్టు చెప్పావుగా. ఇప్పుడు ఎల్లు, ఎల్లి చెప్పు."

"పిల్లనేమీ అనొద్దన్నానా! దాని తప్పేముంది?" అతను మంచం మీద జరిగి చోటు చూపించాడు. "కూచో బావా. రా అమ్మడూ, ఇట్టా రా. నీకోసమే చూస్తన్నా. రాత్రంతా ఆలోచించా. తప్పు నాదేనమ్మా. ఎక్కడ చేశానో చెప్పు."

సత్యశ్రీ కూర్చోలేదు.

"బత్తాయి తొక్క ఎక్కువ పడిందేమో. దానిమ్మ తొక్క సరిగ్గా దొరకలేదు. గుడివాడ జూసు షాపులోవాడు అన్నీ కలిపి ఇచ్చాడు. కుళ్ళినయ్యి ఏరేశాం, అయినా రెండు మూడు పడ్డాయేమో. లేకపోతే ఎండ చాల్లేదా?"

"కాదు మావయ్యా."

"మరి బెల్లం? మేతకి అంటుకోడానికి బెల్లప్పాకం పోశా. నువ్వు పొయ్యమన్నంతే పోశా."

"అది కూడా కాదు."

"చూడమ్మా, ఇంకోటుంది. నవ్వమాక." అతను గొంతు తగ్గించాడు. "నీకు ఆటోనగర్లో చేయించిన స్టీలు డ్రమ్ముంది. మాకు లేదుగా. మా నాయన కాలం నాటి ఇనప బాండీలో కాచా. కాస్తా ఉంటే కషాయం నల్లగా తిరిగింది. సిరాలాగ. నాకు అప్పుడే డౌటొచ్చింది. అడుగుదామనుకున్నా. నువ్వు పనిలో ఉంటావని ఊరుకున్నా."

దానిమ్మ తొక్కలోని వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. ఆ సంగతి సత్యశ్రీకి తెలుసు. అలా నల్లబడినదానికి కొంత బలం తగ్గినా తగ్గవచ్చు. తగ్గకపోనూవచ్చు. అబద్ధం చెప్పకుండానే అవునేమో అనవచ్చు. ఆ ఒక్క మాటతో అందరూ బయటపడిపోవచ్చు, గంగరాజు తప్ప.

ఆమె తండ్రి వైపు చూసింది. కొండలమ్మ కూడా చూసింది. గుమ్మం పక్కన అన్నం గిన్నె దింపి, నడుం పట్టుకుని, మొగుడి మొహంలోకే చూసింది.

దుర్గాప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

"అదే అయ్యుంటదిరా," అన్నాడు. "ఇనుము తగిలితే విరిగిపోద్ది గదా. అమ్మాయి స్టీలు డ్రమ్ము ఊరికే చేయించుకుందా? నువ్వు ఒక మాట అడగాల్సింది."

కొండలమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

"అడగాల్సింది," అన్నాడు గంగరాజు. తల ఊపాడు. రెండు మూడు సార్లు ఊపాడు. అతని మొహంలో ఏదో తేలికపడింది. తప్పు ఎక్కడుందో తెలిసినవాడి తేలిక అది. "చూశావటే సుధా? చెప్పానా, అమ్మాయిది కాదు తప్పు అని? నా చేతులతో నేనే చంపుకున్నా. మా నాయన బాండీ గదా, కలిసొస్తదనుకున్నా."

"నీ నాయన బాండీని డ్రెయిన్లో పడెయ్యి," అంది సుధామణి. ఏడుపు మొదలైంది ఆమెకి. ఇందాకటి నుంచి తిట్టిందంతా ఏడుపు రాకుండా ఉండటానికేనని అప్పుడు తెలిసింది.

"సరేలే, అయిందేదో అయింది. ఉత్తరపు చెరువుకి ఇట్టా చెయ్యను. ఆ బాల్చీలోది పారబొయ్యి. మీ వదిన వాళ్ళింట్లో పెద్ద స్టీలు గుండిగ ఉంది, అందులో కాద్దాం. సాయంత్రం మేతకి అందుతది. ఏం బావా, గుండిగ ఇస్తావుగా?"

"ఇస్తా," అన్నాడు దుర్గాప్రసాద్.

ఆ తరవాత ఆయన ఆకులు పరవడానికి వంగాడు. చెప్పవలసిన మాట చెప్పకుండానే, చేయవలసిన పని మొదలుపెట్టాడు. అరిటాకులు వరసగా వేశాడు. నీళ్ళు చల్లాడు. గంగరాజు వచ్చి తన ఆకు ముందు కూర్చున్నాడు. సుధామణి కళ్ళు తుడుచుకుని కూర్చుంది. దుర్గాప్రసాద్ అన్నం గిన్నె మీద గుడ్డ విప్పి, వడ్డించే హస్తం లోపలికి దించాడు.

"మావయ్యా," అంది సత్యశ్రీ.

"కూచో అమ్మడూ. కూచున్నాక మాట్టాడకూడదు."

"నేనింకా కూర్చోలేదు."

గంగరాజు తలెత్తాడు.

"బాండీ కాదు మావయ్యా. నాన్న చెరువులో మందు పడింది. మా కుంటలో రొయ్య తేలిన పొద్దునే వేశాడు. నాకు తెలీదు. ఇందాక గట్టు మీద తెలిసింది. మా చెరువు నా కషాయంతో నిలిచిందని నువ్వు నమ్మావు. నేను కూడా నమ్మాను. దేంతో నిలిచిందో ఎవరికీ తెలీదు. ఉత్తరపు చెరువుకి స్టీలు గుండిగలో కాచినా నేను పూచీ ఇవ్వలేను. ఈ పూటే రొయ్య పట్టించెయ్యి."

దుర్గాప్రసాద్ చేతిలో హస్తం అలాగే ఉంది. దాని మీది అన్నం గిన్నెలోకే జారింది.

గంగరాజు బావ వైపు చూడలేదు. అక్క వైపు చూశాడు.

"అక్కా, నిజమేనా?"

కొండలమ్మ అవునని తలాడించింది.

సుధామణి నోరు తెరిచింది. ఊరందరికీ తెలిసిన నోరది. ఈసారి దాన్ని ఆమే మూసుకుంది.

గంగరాజు బొడ్లోంచి ఫోను తీశాడు. వలలు వేసే మాణిక్యానికి చేశాడు. గొంతు మామూలుగానే ఉంది.

"మాణిక్యం, ఉత్తరం చెరువు పట్టాలి... ఇయ్యాలే... చిన్నవైనా సరే, కౌంటు సంగతి వదిలెయ్యి... ఎక్కడున్నావ్?... కృత్తివెన్నులోనా?... అది అయ్యేసరికి పొద్దు గుంకుతదిరా... ముందు రాలేవా?... సరే. అయిపోయిన వెంటనే రా."

ఫోను మంచం మీదికి విసిరాడు. ఉత్తరం వైపు చూశాడు. అక్కడ ఏరియేటర్లు తిరుగుతున్నాయి. మబ్బు ఇంకా కిందికి దిగింది. పొద్దు గుంకేదాకా ఆ చెరువు ఆగుతుందో లేదో చెప్పగల మనిషి అక్కడ లేడు.

"గంగరాజూ," అన్నాడు దుర్గాప్రసాద్. "నేను..."

గంగరాజు లేచాడు. బావ చేతిలోంచి హస్తం తీసుకున్నాడు. లాక్కోలేదు, మెల్లగానే తీసుకున్నాడు. ఖాళీగా ఉన్న ఆకు చూపించి, కూర్చోమన్నట్టు గడ్డం ఆడించాడు.

దుర్గాప్రసాద్ కూర్చున్నాడు.

గంగరాజు అన్నం గిన్నె ఎత్తుకుని, అందరికంటే ముందు బావ ఆకులో వడ్డించాడు.

ఆ ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ ఆచారం తెలుసు. ముందు వడ్డన చెరువు పోయినవాడికే జరుగుతుందని తెలుసు. కొండలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత తన ఆకు ముందు కూర్చుంది. సత్యశ్రీ ఆమె పక్కన కూర్చుంది.

గంగరాజు అక్కకి వడ్డించాడు, మేనకోడలికి వడ్డించాడు, భార్యకి వడ్డించాడు. చివర తన ఆకులో ఇంత వేసుకుని, బావ పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. పప్పు పోసుకున్నాడు. కలిపాడు.

దుర్గాప్రసాద్ మొదటి ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. గంగరాజు తన చెయ్యి కూడా ఆపాడు. బావ తినేదాకా ఆపాడు.

అప్పుడు అందరూ తిన్నారు. పప్పులో కొండలమ్మ ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. ఉప్పు కావాలని ఎవరూ అడగలేదు.